అపసవ్యం

బాలరాట్‌లో జూలై. గరాజ్ రేకు తలుపు
వేలు తగిలితే వదలనంత చలి.
పగలంతా మాల్‌లో, ఎస్కలేటర్ కింద కొట్లో,
ఊరివాళ్ళ తాళాలకు మారు చెవులు కోస్తాను.
రాత్రి నాకోసం కోసుకునేది ఈ ఇత్తడి ముక్క.

సిలిండర్ ఎవరిదో పాత పంపు బుష్షు.
ఫ్లైవీలు, కుట్టుమిషను చేతిచక్రం.
పోర్టు పలక ఒక బ్యాంకు తలుపుది.
‘పుష్’ అని ఇంగ్లీషులో చెక్కి ఉండేది;
చివరి రెండక్షరాలు ఆకురాయి తినేసింది.

వెయ్యాల్సినవి రెండే బెజ్జాలు.
ఒకటి ఆవిరి రావడానికి,
ఒకటి, పని చేసి అలిసిన ఆవిరి పోవడానికి.
సిలిండర్ ఊగుతుంది, ఉయ్యాల లాగే.
దానికున్న ఒక్క నోటితో
ఇటు వాలినప్పుడు తాగాలి,
అటు వాలినప్పుడు ఉమ్మాలి,
నిటారుగా నిలిచిన ఆ రెప్పపాటు మాత్రం
రెండింటికీ నోరు మూసుకోవాలి.
చెప్పడానికి ఇంతే.

చెయ్యడానికి అయిదు వారాలు.
మొదటి పలకలో బెజ్జాలు మరీ దగ్గరైపోయి
ఆవిరి ఇట్నుంచొచ్చి అట్నుంచే జారుకుంది,
పిస్టన్‌ని పలకరించనైనా లేదు.
రెండోదాంట్లో డ్రిల్ విరిగింది.
మిల్లీమీటరున్నర మొన, చిగుట్లో చేపముల్లులా,
లాగితే రాదు, వదిలేస్తే కుదరదు.

పక్కింటి డల్సీ ట్రెలోర్‌కి ఎనభై రెండు.
రైల్వే వర్క్‌షాపులో నకలు గీసేదట,
మైనపు బట్ట మీద, నల్లసిరాతో,
తనెన్నడూ ఎక్కని ఇంజన్ల కడుపులన్నీ.
కుక్కని వెతుక్కుంటూ వచ్చి
నేను బటర్ పేపరు మీద గీసుకున్నది
దీపానికి అడ్డంపెట్టి, ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది.
"వచ్చేదానికి ఇంత మర్యాద,
పోయేదానికి సూది బెజ్జమా?
లోపల పని చేశాక అది ఉబ్బుతుందయ్యా.
పెద్ద గుమ్మం దానికి పెట్టు."
కుక్క లేత్ కింద దొరికింది,
మూతినిండా బంగారంలాంటి రజనుతో.

పెద్ద గుమ్మం పెట్టాను.
తర్వాత రాగి గొట్టాలు. ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి,
మెత్తబడ్డాక చెంచా కాడ చుట్టూ వంచాను.
ఎముక చుట్టూ నరం పోయినట్టు పోవాలి, మడత పడకూడదు.
సుద్దలా పూసిన ఫ్లక్సు గాజై కరిగి,
అంచు చెర్రీపండు రంగుకొచ్చి,
వెండి టంకం ఒక్కసారిగా కీలు చుట్టూ పరిగెత్తినప్పుడు
ఊపిరి తీసుకోవడం మర్చిపోయాను.
అప్పుడే మంట ఆర్పెయ్యాలి. అదీ మర్చిపోయాను.
ఆ కీలు మళ్ళీ చేశాను.

ఆదివారం. ముల్లు ఇరవై దాటింది.
కవాటం తెరిస్తే ముందు రెండు చుక్కలు వేడినీళ్ళు,
తర్వాత ఒక బుస.
చక్రాన్ని సవ్యంగా తోశాను. ఎదురు తన్నింది.
మళ్ళీ తోశాను. బొటనవేలు చురుక్కుమంది.
చెయ్యి తీసేశాక
తనంతట తానే, అపసవ్యంగా,
టుక్కు, టుక్కు, టుక్‌టుక్‌టుక్ అని
కనపడకుండా పోయేంత జోరుగా తిరిగింది.

అప్పుడు తట్టింది. ఆమె తిప్పి బల్లమీద పెట్టిన కాగితాన్ని
నేను మళ్ళీ తిప్పలేదు.
కుడి ఎడమైన బొమ్మ మీదుగా సూది గుచ్చి
ఆ గుర్తుల్లోనే బెజ్జాలు వేశాను.
పద్నాలుగేళ్ళుగా నకళ్ళు తీసి బతుకుతున్నవాణ్ణి,
తిరగేసి కోసిన చెవి ఏ తాళాన్నీ తియ్యదని
రోజూ ఎవరికో చెప్పేవాణ్ణి.

డల్సీకి చూపించాను. నవ్వుతుందనుకున్నా.
కళ్ళజోడు పైకి నెట్టి, ఒంగి,
"నట్టు దగ్గర కారుతోంది" అంది.

నిజమే. నలభై చుట్లకొక చుక్క.
కింద టీ సాసరు పెట్టాను.
ఈ రాత్రికి చాలదు, ఇంకొకటి తేవాలి.