స్క్రూడ్రైవర్ చెవి

ముప్పై రెండేళ్ళుగా ఆటోనగర్‌లో
నా స్టెతస్కోపు
అడుగున్నర స్క్రూడ్రైవరు.
మొన ఇంజిన్ బ్లాకు మీద,
పిడి చెవి వెనక ఎముక మీద.
కళ్ళు మూసుకుంటే చాలు,
ఏ వాల్వు వదులైందో, ఏ బేరింగు ఏడుస్తోందో
లారీయే చెప్పుకునేది.

పక్క షెడ్డులో రేకుల మీద సుత్తులు,
ఎదర గ్రైండరు,
హైవే మీద ఎయిర్ హారన్లు.
ఇంత మోతలోంచీ
ఒక చిన్న టిక్కు టిక్కుని
బియ్యంలో రాయిలా ఏరేసేవాణ్ణి.

మా జాన్‌సైదులు
రెండు నెలల జీతం దాచి కొన్నాడు,
చింతగింజలంత ఉన్నాయి.
"ఒక్కసారి పెట్టుకో బాబాయ్, లోకం ఆగిపోద్ది."

నిజంగానే ఆగినంత పనైంది.
సుత్తి దెబ్బ పక్కూళ్ళో పడింది.
గ్రైండరు రవ్వలు
మూగ మతాబుల్లా రాలాయి.
హారన్ కొట్టేవాడి మొహంలో
కోపం ఒక్కటే మిగిలింది.

అప్పుడు మొదలైంది,
కుక్కరు కూత పెట్టేముందు ఆవిరిలాగా
సన్నగా, తెగకుండా.
"ఒరే, ఇందులో ఏదో ఈల వస్తంది,
పీసు పోయినట్టుంది."
వాడు తీసి తన చెవిలో పెట్టుకున్నాడు.
"ఏం లేదు బాబాయ్."

అయితే అది నాదే.
ఎన్నాళ్ళ నుంచి
అద్దె కట్టకుండా లోపల కాపురముంటోందో.

సూర్యారావుపేటలో
అగ్గిపెట్టెంత గదిలో కూచోబెట్టి
చేతిలో బటన్ పెట్టారు.
వినపడితే నొక్కాలి.
వినపడకపోయినా నొక్కాను,
మేస్త్రీ పేరు పోతుందని.
అద్దం అవతలి అమ్మాయి నవ్వలేదు.
"ఇప్పుడు నేనేం ఇవ్వలేదండీ" అంది.

కాగితం మీద గీత
కాసేపు బందరు రోడ్డులా తిన్నగా పోయి
కొండ ఘాట్ రోడ్డులా దిగిపోయింది.
మోటు శబ్దాలు ఉన్నాయట. సన్నవి పోయాయట.
శ, ష, స లు ఇక కష్టమట.
పోయినవి రావు, ఉన్నవి కాపాడుకోండి, అంది.

బస్సులో అనుకున్నాను:
డీజిల్ ఇంజిన్‌కి
ఆ మూడక్షరాలతో పనేంటి?

ఇంటి దగ్గర
పిట్టగోడ మీంచి పక్కింటావిడ
నా భార్యని కేకేస్తోంది.
షంషాదమ్మా అనే అని ఉంటుంది.
నాకు అందింది
అం... ఆదమ్మా.

పొద్దున షెడ్డులో
సైదులు వీల్ నట్లు విప్పుతున్నాడు.
చెవుల్లో అవే.
గ్రైండరు మోత మీద మోత పెంచుకుని
ఏదో పాట.
రెండడుగుల దూరంలో నాకూ వినపడింది.
నాకే వినపడిందంటే!

వాడి ఫోను లాక్కున్నాను.
తిడతాననుకున్నాడు.
స్క్రూడ్రైవర్ పిడి వాడి చెవి వెనక ఆనించి
మొన బ్లాకు మీద పెట్టాను.
"ఏం చెప్తంది?"

కళ్ళు మూసుకున్నాడు.
చాలాసేపు.
"మూడో సిలిండర్ దగ్గర బాబాయ్,
సన్నగా అంటంది."
"ఎట్టా?"

వాడు పళ్ళు బిగించి గాలి వదిలాడు.
పెదాలు కదలడం చూశాను.

"అదేరా" అన్నాను.