ఇంచు తక్కువ

రెండు రెక్కల స్కేలు మోకాలికి ఆనిచ్చి
ఎంజీఎంల డాక్టరు చెప్పిండు:
ఇక్కడిదాంక ముడుస్తవు, 
ఇగ అవతల నీది కాదు.

సైకిలుకు ఆ లెక్క తెల్వదు.
పైడలు మీదికొచ్చిన ప్రతిసారి
ఆ గీత దాటమంటది.
దాటలేక తొడను పక్కకు గుంజుత, నడుము ఒంచుత,
కాశిబుగ్గ నుంచి కొత్తవాడ దాంక
ఒంటికాలి కొంగ తీరుగ తొక్కుత,
ముందల బుట్టల పదకొండు చీరెలు,
పీకోకు, ఫాలుకు.

బండి కొనుక్కోరాదు అక్కా, అన్నరు.
బండికి మోకాలు అక్కెరలేదు, నిజమే.
కని ముప్పై ఏండ్ల కింద రాత్రిబడిల
అ ఆ లతోని పాటు నేర్చుకున్నదిది.
అక్షరాలు కొన్ని మరిచిన.
ఇది మరువలే.

శివనగర్ అండర్ బ్రిడ్జి పక్కన యాకూబ్ పాషా
నా కాలును చూడలే, సైకిలును చూడలే,
రెంటి నడుమ ఉన్న ఇనుప కాడను చూసిండు.
"నీ మోకాలు పొట్టిగ కాలే చెల్లే,
క్రాంకే పొడుగున్నది."
ఆరు నెలల సంది
తప్పు నాది కాదన్న మొదటి మనిషి.

ఇరుసు నడుమ నుంచి పైడలు నడుమకు
టేపు పెట్టిండు. ఆరున్నర ఇంచులు.
నీకు అయిదున్నర గావాలె,
పిల్లల సైకిళ్లయి.
ఇప్పటియి పిన్ను లేనియి, నీ ఇరుసుకు పట్టయి.
పాతయి దొరకాలె.

దొరకాలె అనే మాట ఎంత బరువుంటదో
స్టేషన్ రోడ్డు పొంటి తిరిగినంక తెలిసింది.
ఒకాయన గేర్లది చూపిండు, పదమూడు నూర్లు.
ఒకాయన నవ్విండు.
లేబర్ కాలనీ వెల్డింగాయన
కోసి అతుకేస్త అన్నడు గని
ఎడమ పైడలుకు చూడి ఉల్టా ఉంటదట,
ఆ మర కోసే ట్యాపు వాళ్ల నాయిన కాలంలనే పోయిందట.
ఇన్నేండ్లు నా పాదం కిందనే ఉన్న ముచ్చట,
నాకు తెల్వదు.

కుడిది ముందుగాల దొరికింది,
గిర్మాజిపేట పాతసామాన్ల కుప్పల.
ఎడమది పదిహేడు దినాలకు
పరకాల నుంచి పత్తి లారీల వచ్చింది,
ఎవరో ఆడపిల్ల సైకిలుదట.
పైడలు రబ్బరు మీద
పసుపు రంగు పెయింటు పూలు, రెండున్నర.

పాత కాటర్ పిన్ను ఊడదు.
కిరసనాయిలు దొరకక డీజిల్ పోసిండు,
రాత్రంత నానవెట్టిండు.
తెల్లారి కట్టె ఆనిచ్చి ఒక్కటే దెబ్బ.
"భయపడ్డ చెయ్యే రెండుసార్లు కొడ్తది."
కొత్త పిన్నులు ఆకురాయితోని గీకి
ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి దించిండు.
ఒక్క దిక్కే కొడితే
రెండు కాళ్లు రెండు ఊర్లకు పోతయట.

ఇగ సీటు.
కిందికి ఇంచు తక్కువ పోతవు గద,
మీదికి ఇంచు ఎక్కువ కూసో, అన్నడు.

ఎక్కిన.
మోకాలు మీదికొచ్చింది. గీత దగ్గరికొచ్చింది.
ముట్టకుండనే దిగిపోయింది.
మళ్ల వచ్చింది. మళ్ల పోయింది.
ఎదురుంగ ఎవ్వలు లేకున్నా గంట కొట్టిన.

అన్నీ లాభమే అంటే అబద్ధం.
అండర్ బ్రిడ్జి ఎత్తు ఎక్కేకాడ బలం సాలదు,
దిగి నూకుత.
ఆగాల్నంటే కొనవేళ్ల మీద ఆగాలె.
పాత కాడలు మిషన్ కింద డబ్బల ఉన్నయి,
ఎవరన్న పొడుగు పిల్లగాడు అడిగితే ఇస్త.

కొత్తవాడల ఆ గోడ పొంటి
ఇరువై ఏండ్లు పోయిన.
గోడ అంటే గోడనే అనుకున్న.
ఇయ్యాల ఆ ఇంచు ఎత్తు మీదికెళ్లి
అవతల తాళ్ల మీద ఆరేసిన జంపఖానా నూలు కనవడ్డది,
నీలం, పండుమిరప ఎరుపు,
ఇంకా నీళ్లు కారుకుంట.
నడుమ ఒక ముసలాయన
మోకాళ్ల మీద చేతులు ఆనిచ్చి
మెల్లగ లేస్తుండు.

బ్రేకు పట్టిన.
చీరెలియ్యాల్సిన ఇల్లు
ఇంకా రెండు గల్లీల అవతల.