దారిచ్చే చోటు

ఓబన్ రేవులో కారును పడవ కడుపులోకి ఎక్కించేదాకా
ఓబులేసు ఒక్క మాట మాట్లాడలేదు.
ఇనుప తలుపు మూసుకున్నాక అడిగాడు:
"ఏమ్మే, ఇది తేల్తాదా?"

నేను భీమిలి పిల్లని.
మా నాన్న రేవులో తూకాల గుమాస్తా,
చేపల వాసనతోనే బడికెళ్ళి పలక పట్టాను.
ఇతనిది అనంతపురం అవతల,
ఆరువందల అడుగులు దిగినా
బోరు దుమ్మే కక్కే ఊరు.
పెళ్ళయి పందొమ్మిదేళ్ళు.
లీడ్స్‌లో మా ఇంట్లో ఇప్పటికీ
పళ్ళు తోముకుంటూ కొళాయి కట్టేసి మళ్ళీ తిప్పుతాడు.
నేను కట్టేయను.
మా పోట్లాటల్లో సగం అక్కడే మొదలవుతాయి.

మల్ దీవి. ఒంటిబండి దారి.
గొర్రెలు తారు మీదే పడుకుని నెమరేస్తాయి,
హారన్ కొడితే
మన పెంపకం మీద జాలిపడినట్టు చూస్తాయి.
వంద గజాలకో తెల్ల పలక,
ఎదుటివాడికి దారివ్వమని.
ఎవరికి దగ్గరైతే వాళ్ళు పక్కకి ఒదగాలి,
పోయేవాడు చెయ్యెత్తాలి.
అంతే చట్టం.

బునెస్సన్ ఇవతల టూరిస్టు బస్సు ఎదురైంది.
వెనక్కి పోవాల్సింది నేనే.
ఇతను దిగాడు, వానలో,
కళ్ళంలోకి ఎద్దులబండి తోలిస్తున్నట్టు
"రానీ, రానీ, ఇంగా రానీ, నిలుపు నిలుపు!"
నిలిపేలోగా వెనక చక్రం బురదలో.
"కండ్లు యాడ పెట్టినావు?"
"నీ నోటి మీద పెట్టాను."
బస్సులోంచి నలుగురు ముసలివాళ్ళు దిగి తోశారు.
తర్వాత పదిమైళ్ళూ
కారులో వైపరొక్కటే మాట్లాడింది.

మర్నాడు ఫినఫోర్ట్ నుంచి చిన్న పడవ.
పన్నెండు మందిమి, ఒక కుక్క.
నడిపే అమ్మాయి కిర్స్టీకి
ఒక చేతిలో చుక్కాని, ఒక చేతిలో టీ కప్పు.
నేను ఉగ్గాని డబ్బా మూత తీశాను,
ఒక్క విసురుకి గాలి
బొరుగులన్నీ అట్లాంటిక్ పాలు చేసింది.
పోపులోని ఎండుమిరపకాయ ఒక్కటి మిగిలింది.
ఓబులేసు నవ్వాడు,
బస్సు తర్వాత మొదటిసారి.
ఆపైన అంచు పట్టుకుని చాలాసేపు చూసి
"ఇన్ని నీళ్ళు యెవురివి మే?" అన్నాడు.
ఒడ్డున పుట్టినదాన్ని,
నాకెప్పుడూ తట్టని ప్రశ్న.

స్టాఫా. ఆరు పలకల నల్లరాతి కంబాలు,
ఒకదాన్నొకటి ఒరుసుకుని, నీళ్ళలోంచి నిటారుగా.
నేను గుహలో అలల మోత వింటున్నాను,
అతను రాతిని అరచేత్తో తట్టి చూస్తున్నాడు,
చేనుగట్టున పాతిన కడప బండల్ని చూసినట్టు.
"యెవుడో పెద్ద రైతు. శానా గట్టిగా పాతినాడు."

పైన గడ్డిలో పఫిన్లు,
ముక్కులకి నారింజరంగు పూసుకుని
పెళ్ళికి అరువు కోటు తొడుక్కొచ్చిన బాపతు.
చలికాలమంతా ఆడదో దిక్కు, మగదో దిక్కు
నడిసముద్రంలో ఉంటాయట.
వేసవికి అదే బొరియ దగ్గరికి వస్తాయట,
ముందొచ్చింది రెండోదాని కోసం కాచుకుంటుందట.
కిర్స్టీ చెప్పింది, నేను తెలుగులో చెప్పాను.
ఓబులేసు ఆలోచించాడు.
"అన్నినాళ్ళు పోట్లాడేకి యెవురూ ల్యాక
యెట్లుంటాయో పాపం."

తిరుగుదారిలో మళ్ళీ వాన.
ఎదురుగా ఎవరూ లేరు,
అయినా తెల్ల పలక దగ్గర ఆపాను.
ఎందుకని అతను అడగలేదు.
అద్దం దించి చెయ్యి బయటికి చాచి
అరచెయ్యి గుంట నిండేదాకా పట్టుకున్నాడు.
సగం తాగాడు.
మిగతా సగం నా వైపు తెచ్చేలోగా
వేళ్ళ సందుల్లోంచి గేరు మీద కారిపోయింది.

అప్పుడు మలుపులోంచి ఎర్ర పోస్టు వ్యాను.
తనకోసమే ఆగామనుకుని
చెయ్యెత్తి పోయాడు డ్రైవరు.
మేమూ ఎత్తాం,
ఒకటి తడిది, ఒకటి పొడిది.