మినిట్స్‌లో ఎక్కనిది

లైబ్రరీ బేస్‌మెంట్‌లో పదమూడు మందిమి.
కోరానికి ఒక తల తక్కువ.
బయట సిగరెట్ కాలుస్తున్న వెండెల్‌ని
బతిమాలి లోపల కూర్చోబెట్టాం.
తీరా మొదటి అంశం అతని జరిమానాయే:
బాస్కెట్‌బాల్ స్తంభం
నాలుగంగుళాలు రోడ్డు మీదికొచ్చిందట.
డోరీన్ టేపుతో సహా వచ్చింది.
చేతులెత్తారు. నేనూ ఎత్తాను.
మంచు తీసే కాంట్రాక్టు మాత్రం
డబ్బుల్లేక వచ్చే నెలకి పడింది.

డులూత్ మంచు వచ్చే నెలదాకా ఆగుతుందా?
తెల్లారేసరికి మోకాలి లోతు.
వీధి పొడుగునా వెండెల్ మిషను గురగుర,
అందరి వాకిళ్ళూ నల్లగా తేలాయి.
డోరీన్ ఇంటి ముందు మాత్రం
ఓ బుల్లి తెల్లగట్టు.

ఆమె ఇంటి చెప్పుల్తోనే వచ్చి టేపు పెట్టింది.
సరిగ్గా నాలుగంగుళాలు.

నవ్విందో, చలికి పళ్ళు కొరికిందో,
మినిట్స్ రాసేదాన్ని నేనే,
నాకే తెలీలేదు.