పాస్

బల్లార్షా కౌంటర్ల మేశ్రాం భావు
నెలకోసారి నాకొక ముక్క ఇస్తడు.
దాని మీద నా వయసు ఏడాది తక్కువ పడ్డది,
నేను దిద్దించుకోలే.
పొద్దున వార్ధా వంతెన దాటి కాగజ్‌నగర్,
పొద్దుమూకి మళ్ల ఇటు.
ఇక్కడ వండిన అన్నం పక్క రాష్ట్రంల తింట.

కాని ఆ మాట నాకన్న ముందే మా క్వార్టర్ల ఉన్నది.
నాయిన రోజూ మరిచిపోయేటిది:
గేట్ పాస్.
చెప్పుల్లేకుండ నేను గని దాక ఉరికేది,
పిడికిట్ల అట్టముక్క చెమటకు మెత్తబడేది.
"ఇది లేకుంటె భూమి నన్ను లోపలికి రానియ్యది బిడ్డా"
అనేటోడు ఓదెలు, మా నాయిన,
భూమి ఏదో ఆఫీసైనట్టు.

బడి మరాఠీది.
ఏప్రిల్ ఆఖర్ల ఢవళే మేడం పేర్లు చదివింది,
పేరు పక్కన ఒక మాట.
మా సదానందం ఇంటికొచ్చి గడపలనే నిలబడి
గోడకు చెప్పిండు: "నాపాస్."
అమ్మకు వచ్చింది తెలుగొక్కటే.
నాది పాస్ అనుకున్నది.
చక్కెర డబ్బ దించి
లైన్ల పదకొండు ఇండ్లకు పంచింది.
మరాఠీ ఇండ్లోళ్లు కూడ తీసుకున్నరు,
ఒక్కలు గూడ ఆమెకు చెప్పలే.
వాడు రాత్రి దాక బొగ్గు కుప్ప ఎనుక కూసున్నడు,
అరచేతిల చక్కెర కరిగి
చీమలొచ్చినంక లేచిండు.

చాన ఏండ్లకు, దవాఖాన.
నాయిన పొట్ట తబల లెక్క బిగిసింది.
నర్సమ్మ అడిగింది, పాస్ అయిందా అని.
అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని
"మూడోదే దాటలేదమ్మా" అన్నది.
అంత నొప్పిల కూడ నాయిన నవ్విండు.
ఆ నవ్వు నేను దాసుకున్న.
"పాస్ బైఠో" అన్నది నర్సు, స్టూలు జరుపుకుంట.
అది మాత్రం అమ్మకు
ఎవరూ విప్పి చెప్పే పని పడలే.
మూడు రాత్రులు అక్కడనే.

నాలుగో రోజు ఇంజనీరు సారు ఫోన్ల
ఎవరికో ఇంగ్లీషుల చెప్తున్నడు, నెమ్మదిగ,
ఆ మాటనే.
ఈసారి అమ్మ ఏమీ అడగలే.

పింఛను కాయితాలు ఏడాదిన్నర సంది
ఒక బల్ల మీదికెంచి ఇంకో బల్ల మీదికి.
ఇంకా పాస్ కాలే మేడం, వచ్చే వారం.

మొన్న అమ్మను వెంట తీస్కపోయిన, చిన్నమ్మ ఊరికి.
విరూర్ల పల్లీల పిలగాడు ఎక్కిండు,
టైంపాస్, టైంపాస్ అనుకుంట.
"ఇది ఏ పాసే?" అన్నది.
చెప్పబోయి ఊకున్న.
పది రూపాయల పొట్లం ఒళ్లె పోసుకొని
గింజలు నాకు, పొట్టు ఆమెకు.

టీసీ వచ్చిండు. "పాస్?"
నేను సంచిల చెయ్యి పెట్టి దేవులాడుతున్న.
అమ్మ నా మోచెయ్యి పట్టి ఆయనకు సూపెట్టింది:
"గిదే సారు. నా పాస్."

బండి అప్పుడు ఏ రాష్ట్రంల ఉన్నదో
చేన్లను చూస్తె తెల్వలే,
రెండు దిక్కుల పత్తే.