సూటుకు రెండు

కొత్త బియ్యం ఎసట్ల పడ్డ ప్రతిసారి
మా ఇంట్ల ఎవరో ఒకరు మొహం ముడుస్తరు.
మళ్ల ముద్దయిందని,
మెతుక్కు మెతుకు అంటొద్దని,
ఇంటి పరువంత పొడిబువ్వల్నే ఉన్నట్టు.

ఇయ్యాల కావాలని ముద్ద చేసిన.
కుంకుమపువ్వు ఎక్కడిది గుర్రంపోడుల?
పసుపు రెండు చిటికెలు.
వెన్న లేదు, మీగడ ఉన్నది.
గంటె నిలబడేదాక తిప్పిన.
పెండ్లయిన పన్నెండేండ్లల్ల
ముద్దయిందని నేను సంబురపడ్డ మొదటి గిన్నె ఇది.

ఫోనుల ఒక ముసలవ్వ నేర్పింది.
ఆమె భాష నాకు రాదు.
నల్ల గౌను, తేలిన నరాల చేతులు.
ముద్ద పట్టేముందు అరచెయ్యి తడుపుతది,
జొన్నరొట్టె కొట్టేటప్పుడు మేం తడిపినట్టే.
గంతే, మిగిలిందంత సమజైంది.

నడుమ కైమ, పచ్చిబఠాణీలు,
హాలియా బేకరీల దొరికిన
వెండికాగితం చుట్టిన చీజు ముక్క.
దాని ధర అత్తమ్మకు సగమే చెప్పిన,
సగానికే ఆమె "అవ్వో" అన్నది.

టోస్టులు రోట్లేసి దంచిన.
గుడ్ల సొన గిలక్కొట్టిన.
మూకుట్ల పల్లినూనె కాగబెట్టిన.

మొదటిది పలిగింది.
నూనె గోడదాక చిట్లింది,
చీజు నల్లగ మాడి అడుగంటింది,
బుడ్డోడు తలుపు చాటుకు ఉరికిండు.
రెండోది గూడ పలిగింది.
అరుగు మీద చింతపండు గింజలు తీసుకుంట
సైదమ్మ అత్తమ్మ తలెత్తకుంటనే అన్నది:
"వేడి మీద ఏదీ మాటినదు పిల్లా,
సల్లారనియ్యి."

సల్లారనిచ్చిన.
ఫ్యాను కింద తాంబాలం నిండ పసుపుబువ్వ.
బడిబట్టలు మడత పెట్టిన,
నల్లా వస్తే రెండు బిందెలు పట్టిన,
పక్కింటి ముత్తమ్మ తొంగిచూసి
"ఏం పండుగే" అని అడిగిపోయింది.
ఏం చెప్పాల్నో తెల్వలేదు.

తర్వాత వేసినయి
నూనెల తమంతట తామే తిరిగినయి,
పసుపు దాటి, ఎరుపెక్కి,
జల్లిగంటె మీదికి బుద్ధిగ వచ్చినయి.

"దీని పేరేందే?"
"వాళ్ల భాషల చిన్న నారింజలంట."
అత్తమ్మ ఒకటి అరచేతిల పెట్టుకొని
అటు తిప్పింది, ఇటు తిప్పింది,
తొడిమె ఎక్కడున్నదో ఎతుకుతున్నట్టు.
"నారింజేంది, బత్తాయి."

ఆ తిప్పుడు నాకెరుకే.
మూడెకరాల తోటల
కాయ కోసేముందు గట్లనే తిప్పేది.
నాలుగు బోర్లు ఎండి
అయిదోది తెల్లదుమ్ము కక్కిన ఏడు
లింగస్వామి చెట్లు కొట్టిచ్చిండు.
మొద్దులు ఇటుకబట్టీకి పోయినయి.
ఆమె రెండు రోజులు ఆ దిక్కు పోలేదు.
కాలువ నీళ్లొచ్చినంక గదే చెల్కల వరేసినం.
గా వరిబియ్యమే ఇయ్యాల్టి ముద్ద.

ఇదంత ఎవ్వరం అనలేదు.

ఆమె కొరికింది.
చీజు తీగలెక్క సాగి గదుమకు అంటుకున్నది.
"బంక తెగులు గదే దీనికి!"
అని నవ్వింది,
కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది,
నోరు కాలిందో ఏమో మరి.

మొత్తం ఇరవై మూడు.
తానే లెక్కబెట్టింది,
అయిదు పుంజీలు, మీద మూడు.
పిల్లలు బడినుంచి రాకముందే
రెండు తీసి కాగితంల చుట్టి కొంగు కింద పెట్టింది.

"గదేంది అత్తమ్మా?"
"సూటు.
నల్లగొండ మార్కెట్ల టన్నుకు రెండు కింటాళ్లు తీస్తుంటే
నోరెత్తకుంట నిలబడ్డోళ్లం.
ఇరవై మూడిట్ల రెండు తీస్తే
నువ్వు లెక్కడుగుతవా?"

అడగలేదు.

పొద్దుగూకినంక లింగస్వామి వచ్చి
నిలబడే మూడు తిన్నడు,
ఉప్పు తక్కువైందన్నడు.
నిజమే,
తక్కువైంది.