రెండు గుడ్ల బాకీ

ఆదివారం. కెనోషా. సరస్సు ఒడ్డున గడ్డి మైదానం.
బానెట్లు ఎత్తుకుని, నోళ్లు తెరిచి,
కార్లన్నీ ఎండలో బారులు తీరాయి.
మస్టాంగ్ దగ్గర జనం, కమారో దగ్గర జనం.
నా దాకా వచ్చేసరికి నడక నెమ్మదిస్తుంది,
కళ్లు పేరు కోసం తడుముకుంటాయి.
"ఏం బండి ఇది?"

జావెలిన్. డెబ్భై రెండు మోడల్.
ముందు చక్రాల మీద ఆ రెండు మూపురాలు చూశారా,
కాడికి ఒప్పుకోని కోడె భుజాల్లా.
తాళం తిప్పితే ముందు గొంతు సవరించుకుంటుంది,
తర్వాత పక్క బండివాడి కాఫీలో అలలు.

దీన్ని చేసిన కంపెనీ చిన్నది,
చేతిలో ఎప్పుడూ డబ్బు ఆడలేదు.
గేర్‌బాక్సు ఒక పోటీదారు దగ్గర కొన్నారు,
కార్బురేటర్ ఇంకో పోటీదారు దగ్గర.
అరువు సొమ్ము బరువు చేటంటారు గానీ
హైవే ఎక్కాక ఆ బరువెక్కడుందో
నాకింతవరకు దొరకలేదు.

పెరటి చెట్టు మందుకి పనికిరాదు.
పగలంతా ఈ లైను మీద బోల్టులు బిగించి
జీతం రోజున వేరే షోరూం అద్దానికి
ముక్కు ఆనించిన వాళ్లు నాకు తెలుసు.
మా నాన్న వాళ్లలో ఒకడు.

ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు జల్లుతారు.
ఉప్పు తిన్న ఇనుముకి మాత్రం విశ్వాసం ఉండదు,
అడుగునుంచి రాలిపోతుంది.
మొన్న జనవరిలో ఆ తుప్పు గీకడానికే
వెనకసీటు ఊడదీశాను.
స్ప్రింగుల మధ్య ఎలుక కొరికిన కాగితం:
రంగు, ఇంజను, సీటు తొడుగు, అన్నిటికీ అంకెలు.
దాని వెనక, పెన్సిలుతో:
"ఓటోకి బాకీ. వెనిగర్ గుడ్లు రెండు."

యాభై ఏళ్లుగా ఒక బాకీ మీద కూర్చుని
తిరిగారన్నమాట జనం.
పెళ్లికెళ్లారు, ప్రసవానికెళ్లారు,
ఎప్పుడో ఒక తడిసిన కుక్క కూడా ఎక్కింది,
ఆ వాసన ఇంకా దిగలేదు.

ఇంగెబోర్గ్ సోరెన్సన్‌కి ఎనభై తొమ్మిది.
సీట్లు కుట్టే విభాగంలో పదిహేడేళ్లు.
చీటీ చూపిస్తే కళ్లజోడు మార్చుకుంది.
"మా దగ్గర ఓటోలు ముగ్గురు.
ఇద్దరికి ఊరంతా బాకీయే."
కారు చుట్టూ తిరగలేదు, మూపురాల్ని మెచ్చుకోలేదు.
వంగి, సీటు కుట్టు వెంట బొటనవేలు నడిపించింది.
"ఇది నాది కాదు.
నాదైతే ఇంకా తిన్నగా ఉండేది."
వేలు ఇంకో జానెడు సాగి, ఆగింది.
"ఇక్కణ్ణుంచి నాదే కావచ్చు."

జావెలిన్ అంటే బల్లెం.
విసిరిన చెయ్యి పోయింది,
కాలు ఊని నిలబడ్డ చోటు పోయింది.
బల్లెం ఇంకా కిందికి దిగలేదు.

ఒక కుర్రాడు అడిగాడు, "మరి ఆ ఫ్యాక్టరీ ఎక్కడ?"
వాడి చెప్పుల కింది గడ్డిని చూపించాను.
వాడు నిజంగానే కాలెత్తి చూశాడు.

ఇప్పుడు డాష్‌బోర్డు మీద గాజు సీసా పెడుతున్నాను.
వెనిగర్‌లో రెండు గుడ్లు, ప్రతి వేసవికీ కొత్తవి,
ఓటో అనేవాడెవడైనా ఇటుగా వస్తాడేమోనని.
ఏం బండి ఇది అని ఎవరూ అడగడం లేదిప్పుడు.
"ఆ సీసా ఏమిటి?" అంటారు.
తలుపు తీసి పట్టుకుంటాను.
కూర్చోండి, చెప్తాను.